రెండో జ్వరం

చెరువులో బాతులు చచ్చి తేలడం మొదలైన దగ్గర్నుంచీ సోణుడికి కంటిమీద కునుకు లేదు.

కొండమీది ఆ బౌద్ధ విహారంలో జంతువుల బాగోగులు చూసే భిక్షువు అతనే. కసాయి కత్తి తప్పించి భక్తులు తెచ్చి వదిలిన పందులు దొడ్డి నిండా ఉన్నాయి. ఆ దొడ్డి చెరువుగట్టునే ఉంది.

చచ్చిన బాతుల్ని చూడ్డానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ పోతూ పోతూ అంది: "పందులు జాగ్రత్త స్వామీ. వాటికి బాతుల జ్వరమూ అంటుకుంటుంది, మనుషుల జ్వరమూ అంటుకుంటుంది. ఆ రెండు వైరస్‌లూ ఒకే పంది ఒంట్లో, ఒకే కణంలో కలిశాయంటే జన్యువుల ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అప్పుడు బయటికొచ్చేది అదీ కాదు, ఇదీ కాదు. కొత్తది. దాన్ని ఎదుర్కోవడం మన ఒంటికి తెలీదు."

ఆ మాట సోణుడి గుండెలో ముల్లులా దిగింది. చెరువుకీ దొడ్డికీ మధ్య తడిక కట్టాడు. పైన వల కప్పాడు. చెరువు నీళ్లు మాన్పించి పందులకి బావి నీళ్లు మోశాడు. ఆకాశంలో రెక్క కదిలితే చాలు, కర్ర పట్టుకుని పరిగెత్తేవాడు. గొంతు బొంగురుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. తోటి భిక్షువులు "మేం చూస్తాం, నువ్వు పడుకో" అంటే, "మీ వల్ల కాదు" అని కసిరాడు.

ఆ ఉదయం గురువు నందసార భంతే వచ్చేసరికి సోణుడు కుడితి బకెట్టుతో దొడ్డి గడప దాటబోతున్నాడు.

"భయంగా ఉంది భంతే," అన్నాడు. "సందులన్నీ మూశాను. పిట్ట ఈక కూడా లోపల పడనివ్వడం లేదు. అయినా ఏదో మరిచిపోయాననే అనిపిస్తోంది. ఇంకా ఏం మూయాలి?"

దగ్గు తెర కమ్ముకొచ్చింది. బకెట్టు మీదికి వంగి దగ్గాడు.

భంతే బకెట్టు తీసుకుని, కుడితి అంతా దూరంగా గుంటలో ఒంపేశారు. వచ్చి దొడ్డి తలుపు మూసి గొళ్లెం పెట్టారు.

"అయ్యో! అవి ఆకలితో ఉన్నాయి భంతే. ఇంకెవరూ సరిగ్గా చూడరు. నేనే వెళ్లాలి!"

"బాతుల్ని ఆపావు నాయనా," అన్నారు భంతే. "రెండోదాన్ని ఎవరు ఆపాలి?"

"రెండోది ఇక్కడెక్కడుంది..." మాట పూర్తి కాకుండానే మళ్లీ దగ్గొచ్చింది.

సోణుడు చీవరం చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దొడ్డిలోంచి పందులు అతని అలికిడి విని అరుస్తున్నాయి. అతను ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ వాటికి దూరం జరిగాడు. భంతేకీ దూరం జరిగాడు.