మచ్చలేని మండపం, చిల్లుపడ్డ గారె

ఒకానొక రాజ్యంలో, అంటే సూర్యుడు కూడా రాజుగారి మీసాల సెలవు తీసుకుని పొడిచే గుండ్లకోన రాజ్యంలో, ఉద్దండ భూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయన మీసాలు ఎంతటివంటే, కుడి మీసం మీద చిలకలూ ఎడమ మీసం మీద గోరింకలూ గూళ్లు పెట్టుకునేవి. నేను అతిశయోక్తులు చెప్పేవాణ్ణి కాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నాకున్న ఒకే ఒక్క బలహీనత.

ఆ రాజుగారికి ఒక కోరిక పుట్టింది. నల్లరాతితో ఒక విజయ మండపం కట్టించాలి. అందులో వేలు పెట్టి చూపించడానికి ఒక్క మచ్చ ఉండకూడదు.

"మా కీర్తికి మచ్చ లేదు. మా మండపానికీ ఉండరాదు!" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. అన్నది రాజు కదా, కొట్టక ఏం చేస్తుంది?

పని స్థపతి నీలకంఠాచారికి అప్పగించారు. శిల్పశాస్త్రమంతా నాలుక చివర పెట్టుకుని తిరిగే మహానుభావుడాయన. నెమలికొండ ఎక్కి, రాళ్లు కొట్టేవాళ్లను పిలిచి నియమం చెప్పాడు. "బండ మీద మచ్చ ఉంటే పారెయ్యండి. గీత ఉంటే పారెయ్యండి. చిల్లుంటే చూడకుండా పారెయ్యండి. ఉలితో తడితే గుడిగంటలా మోగాలి. మోగని బండ నాకు చూపించకండి."

పని మొదలైంది. కొండకు వరసగా బెజ్జాలు తొలిచి, ఎండు కొయ్యమేకులు దిగ్గొట్టి, వాటి మీద నీళ్లు పోసేవారు. మేకులు నాని ఉబ్బేసరికి ఏనుగంత బండ ఫెళ్లున విడిపడేది. ఆ చప్పుడుకి దేవేంద్రుడు ఐరావతం మీంచి జారిపడ్డాడని మా తాత చెప్పేవాడు. ఆయన నాకంటే సత్యసంధుడు.

అయితే ఆచారిగారు ఒక బండని మెచ్చేసరికి, మెచ్చని బండలు పక్కన గుట్ట పడేవి. గుట్ట అడ్డమైతే లోయలోకి దొర్లించేవారు. మండపానికి నాలుగు స్తంభాలు లేచేసరికి సగం కొండ లోయలో ఉంది.

ఆ లోయలోనే ఊటపాలెం ఉంది. కొండ కడుపులోంచి వచ్చే ఊటనీటితో అక్కడ తమలపాకు తోటలు పెంచేవారు. ఆ ఆకు నమిలితే పుట్టుమూగ కూడా రాగం ఎత్తుకునేవాడు. అలాంటి ఊరి నెత్తిన బండలు దొర్లాయి. ఊటకాలువ పూడిపోయింది. అరకొరగా కారే నీళ్లు రాతిపొడితో కలిసి తెల్లగా వచ్చేవి, పశువులు మూతి పెట్టి తిప్పేసుకునేవి. తేనెపట్లు ఖాళీ అయ్యాయి. ఆకుల మీద రాతిపొడి పేరుకుని, ఇక తాంబూలానికి వేరే సున్నం రాయనక్కర్లేదని జనం ఏడవలేక నవ్వుకునేవారు.

రాజుగారి ఆస్థానంలో చిటికెల తిప్పన అని ఒక చమత్కారి ఉండేవాడు. ఆయన అత్తవారూరు ఊటపాలెమే. ఒకరోజు పొద్దున్నే అత్తగారు పోలమాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ నిలబడితే తలుపు వెయ్యక్కర్లేదు, గాలి కూడా దూరదు.

"అల్లుడూ, నీ ఇంట్లో గదులెన్ని?" అంది.

"ఎందుకత్తమ్మా? కూర్చో ముందు."

"కూర్చోను. ఎటూ వచ్చి కూర్చోవలసిందే కదా. కాలువ పూడిపోయింది. ఈ వానలు వచ్చేలోగా తియ్యకపోతే తీగలన్నీ ఎండిపోతాయి. తోట పోతే ఊరు పోయినట్టే. ఊరు పోతే నేనూ, నీ మామా, నీ బావమరుదులూ, వాళ్ల పెళ్లాం పిల్లలూ, మా పాడి గేదెలూ అంతా ఎక్కడికి పోతాం? అల్లుడు రాజుగారి పక్కనే కూర్చుంటాడు కదా, అల్లుడింటికే పోదాం అనుకున్నాం."

యుద్ధంలో ఏనుగు ఎదురొచ్చినా నవ్విన తిప్పన గోడకి చేరగిలబడ్డాడు.

"గేదెలు కూడానా అత్తమ్మా?"

"గేదెల్ని వదిలేసి వస్తామా? మేమేం రాళ్లమా?" అని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పోలమాంబ కళ్లు ఒత్తుకోవడం తిప్పన అదే మొదటిసారి చూడటం. ఆవిడ పదిహేనేళ్ల పిల్లగా ఆ ఊరు కాపురానికి వచ్చి, తీగలకి నీళ్లు పొయ్యడానికి చెంబు పట్టింది. అప్పుడు పట్టిన చెంబు ఇంకా దించలేదు. ఇప్పుడా చెంబు ఖాళీగా ఉంది. తిప్పన నవ్వు ఆపేసి ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

సభకి వెళ్లి సంగతంతా చెప్పాడు. రాజు మీసం దువ్వాడు. ఒక చిలక లేచిపోయింది.

"తిప్పనా, నువ్వు మనసున్నవాడివే గానీ గొప్పతనం ఎరుగవు. దొరికింది దొరికినట్టు వాడుకునేవాడు పామరుడు. వెయ్యింటిలో ఒకటి ఎంచి, మిగిలింది విసిరేసేవాడు ప్రభువు. ఈ పద్ధతి లోకంలో ఏ పనికైనా తగును. ఏమంటారు ఆచారీ?"

"శాస్త్రసమ్మతం ప్రభూ," అన్నాడు నీలకంఠాచారి.

"ఏ పనికైనానా ప్రభూ?" అన్నాడు తిప్పన.

"ఏ పనికైనా! తగని పని ఒక్కటి చూపించు, రేపే కొండ దిగిపోతాం. చూపించలేకపోతే నువ్వే సమ్మెట పట్టుకుని కొండెక్కాలి. మండపం అయ్యేదాకా దిగకూడదు."

తిప్పన చేతులు చూసుకున్నాడు. ఆ చేతులు తాంబూలం కంటే బరువైనది ఎత్తి ఎరగవు.

"చిత్తం. రేపు తమ జన్మదినం కదా. విందు ఈ పద్ధతిలోనే జరిపిద్దాం. వంట నేను చేయిస్తాను. ప్రభువుల విస్తట్లోకి ఏది రావాలో ఎంచడం ఆచారిగారి వంతు. మచ్చ, గీత, చిల్లు, మోత. అవే నియమాలు, ఒక్కటీ సడలకూడదు. ఆచారిగారు ప్రభువుల పక్కనే భోంచేస్తారు."

రాజు తొడ చరిచాడు. ఆచారి గర్వంతో ఎంత ఉబ్బిపోయాడంటే, రాళ్లు కొట్టేవాళ్లు చూస్తే కొయ్యమేకు అనుకుని బెజ్జంలో దిగ్గొట్టేవారు.

మర్నాడు వంటశాలలోంచి లేచిన ఘుమఘుమకి కోట గోడల మీది కావలివాళ్లు బల్లేలు వదిలేసి ముక్కులు ఎగబీల్చారు. రాజు జన్మదిన వ్రతమని పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అరిటాకు ముందు కూర్చుని మీసాలు రెండూ చెవుల వెనక్కి సర్దుకున్నాడు.

మొదట గారెలు వచ్చాయి. ఎర్రగా, కరకరలాడుతూ, ఇంకా నూనె చిటపటలాడుతూ వచ్చాయి. రాజు చెయ్యి చాచాడు.

"ఒక్క క్షణం ప్రభూ. ఆచారిగారు చూడాలి," అన్నాడు తిప్పన.

నీలకంఠాచారి ఒక గారె ఎత్తి, వెలుగుకి పెట్టి చూశాడు. అందులోంచి తిప్పన కన్ను కనబడింది.

"చిల్లుంది," అన్నాడు.

"అయ్యో! చూడకుండా పారెయ్యమన్నారు, చూసేశారు కూడా," అని తిప్పన పళ్లెం మొత్తాన్నీ వెనక్కి పంపించేశాడు.

బొబ్బట్లు వచ్చాయి. "మచ్చలు," అన్నాడు ఆచారి. పోయాయి. పులిహోర వచ్చింది. "నల్లమచ్చలు, ఎర్రమచ్చలు కూడా." పోయింది. గుత్తివంకాయ వచ్చింది. "నిలువునా నాలుగు చీలికలు!" ముద్దపప్పు వచ్చింది. "ప్రతి బద్దా రెండుగా పగిలినదే." రాజు గుటకలు మింగుతున్నాడు. ఆచారి కూడా మింగుతున్నాడు. ఆయన ఉపవాసం లేడు గానీ, ఈ విందు కోసం ముందురోజు రాత్రి నుంచే పొట్ట ఖాళీగా అట్టిపెట్టుకున్నాడు.

పూర్ణం బూరెలు వచ్చేసరికి రాజు ముఖం విప్పారింది. చిల్లు లేదు, గీత లేదు, మచ్చ లేదు, గుండ్రంగా బంగారుముద్దల్లా ఉన్నాయి.

ఆచారి ఆశగా తుంచాడు. "పైన ఒక రంగు, లోపల ఒక రంగు. ఇలాంటి బండని నేను మొన్ననే దొర్లించాను ప్రభూ."

"ఆచారీ, ఒక్క బూరె!" అన్నాడు రాజు.

"తమరే ఒప్పుకున్నారు ప్రభూ, ఒక్కటీ సడలకూడదని," అన్నాడు తిప్పన ఎంతో బాధగా.

అప్పడాన్ని మోగుతుందేమోనని ఆచారి వేలితో తట్టాడు, పటుక్కున విరిగింది. అన్నంలో నూక దొరికింది. గడ్డపెరుగు మీద నెర్రె కనిపించింది. ఆఖరికి విస్తట్లో మిగిలింది ఒకటే.

"ఉప్పు ప్రభూ!" అన్నాడు తిప్పన చేతులు జోడించి. "మచ్చ లేదు, చిల్లు లేదు, గీత లేదు. వెయ్యింటిలో ఎంచినది. ఆరగించండి."

రాజు ఉప్పు కేసి చూశాడు. ఉప్పు రాజు కేసి చూసింది.

"తిప్పనా," అన్నాడు రాజు నీరసంగా, "మిగతావన్నీ ఏం చేశావు? నిజంగానే పారేశావా?"

తిప్పన నోరు విప్పేలోపే పెరటి వైపు నుంచి గుమ్మడికాయంత త్రేన్పు ఒకటి వినిపించింది. వెనకే నవ్వులు. రాజు చివాల్న లేచి, కొంగలా అంగలేసుకుంటూ పెరట్లోకి నడిచాడు. ఆచారి ఆయన కంటే ముందున్నాడు.

అక్కడ పందిట్లో రాళ్లు కొట్టేవాళ్లూ, ఊటపాలెం వాళ్లూ బారులు తీరి కూర్చున్నారు. విందంతా వాళ్ల విస్తళ్లలో ఉంది. గారెల గంప చంకన పెట్టుకుని పోలమాంబ వడ్డిస్తోంది. కిరీటం తీసి ఉన్నాడేమో, వచ్చినవాడు రాజని ఆవిడ పోల్చుకోలేదు.

"రా బాబూ, ఆలస్యం చేశావే. ఆ పిల్లిమీసాలు తుడుచుకుని కూర్చో," అని రెండు గారెలు వేసింది.

గుండ్లకోన చరిత్రలో ఆ మీసాల్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. జనం చేతులు నోళ్ల దగ్గరే ఆగిపోయాయి. ఆకలి మీదున్న రాజు ఆ మాట వినిపించుకోలేదు. "చిల్లుందమ్మా ఇందులో," అన్నాడు గొణుగుతూ.

"చిల్లు ఉండబట్టే నడుమ ఉడికింది నాయనా. చిల్లు లేకుండా వేసి చూడు, లోపల పచ్చి పిండి నములుతావు."

రాజు కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో గారె, దాని మీద ఇంకోటి, బూరె, పులిహోర, ఆ మీద మళ్లీ గారె. అయిదో పంక్తి వాళ్లు లేచిపోయినా రాజు లేవలేదు. చివరికి చెయ్యి కడుక్కుంటూ తిప్పన వైపు తిరిగాడు.

"ఒప్పుకున్నాను. తగని పని చూపించావు. రేపే కొండ దిగుతాం. కానీ తిప్పనా, నా మండపం నాలుగు స్తంభాలతో మొండిగా నిలబడి ఉంది. లోకం నవ్వదా?"

"ప్రభూ, మీరు తిన్న విందు పారేసినదే కదా. లోయలో ఇంకో విందు పడి ఉంది."

బూరె నములుతున్న ఆచారి టక్కున ఆగిపోయాడు. అంతా నమిలి మింగి, మెల్లిగా అన్నాడు. "గీతలున్న బండలు మెట్లకి పెడితే కాలు జారదు. ఆ మాట శాస్త్రంలోనే ఉంది, నేనే దాటేశాను. మచ్చల బండలు నేలకి పరిస్తే మరకలు కనబడవు. చిల్లుపడ్డవి తూములకి. చెక్కుముక్కలతో గట్లు పోసుకోవచ్చు." చెబుతున్నకొద్దీ ఆయన గొంతు పెరిగింది. "ప్రభూ, ఆ లోయలో మండపానికీ, ఊరికీ సరిపడా రాయుంది! కొండని ఇంకా కొట్టిన నేను ఎంత మూర్ఖుణ్ణి!"

రాజు ఒక క్షణం ఆయన్ని చూసి, గారె నూనె అంటిన తన వేళ్లని చూసుకుని, విరగబడి నవ్వాడు. ఆ నవ్వుకి మీసాల మీది గోరింకలన్నీ ఎగిరి అయిదు ఊళ్ల అవతల వాలాయట. ఆ పందిట్లోనే ఆజ్ఞ ఇచ్చాడు. పారేసిన గుట్టలు తరిగేదాకా నెమలికొండ మీద ఒక్క మేకు దిగ్గొట్టకూడదు. ఆ తరవాత కూడా ఊట పుట్టే చోటు జోలికి ఎవరూ పోకూడదు. కొట్టిన గోతుల చుట్టూ గట్లు పోసి వాననీరు నిలపాలి.

రాళ్లు కొట్టేవాళ్లకి పని పోలేదు, చోటు మారింది అంతే. కొండ మీంచి లోయలోకి దిగి గుట్టలు విప్పడం మొదలుపెట్టారు. అడుగున ఉన్న ఆఖరి బండ కదిలిన రోజు ఊట ఎంత ఎత్తు ఎగిరిందంటే, ఆకాశంలో పోతున్న కొంగల కాళ్లు తడిశాయి. పోలమాంబ చెంబు ముంచుకుని మొదటి తీగ మొదట్లో పోసి, రెండో తీగ కోసం మళ్లీ ముంచుకుంది. మొదటి వానకి ఆకులు కడుక్కుని పచ్చబడ్డాయి.

మండపం ముగిసింది. మెట్ల మీద గీతలు, నేల మీద మచ్చలు, స్తంభాల్లో రకరకాల నలుపులు. పొరుగు రాజులు వచ్చి చూసి, ఇంత చిత్రమైన రాయి ఏ కొండదని అడిగేవారు. "అది ఎంచడం అందరికీ రాదు," అని ఉద్దండ భూపాలుడు మీసం దువ్వేవాడు. కొందరికి గొప్పలు పుట్టుకతో వస్తాయి, పోవు.

మండప ప్రవేశం నాడు నిండు సభలో రాజు తిప్పనని పిలిచాడు. పట్టుశాలువా కప్పి, చేతికి స్వర్ణకంకణం తొడిగాడు.

"ఇది చాలదు తిప్పనా. ఆ ఊటని కాపాడినవాడివి, దాని పక్కనే ఉండాలి. ఊటపాలెంలో కాలువగట్టున, సరిగ్గా నీ అత్తగారి తోట పక్కనే, పది తరాలు తిన్నా తరగని మాగాణి నీకు రాసిచ్చాం. ఇల్లూ అక్కడే కట్టుకో!"

తిప్పన శాలువా సర్దుకుని, ఆడవాళ్ల వరసలో కూర్చున్న పోలమాంబ కేసి ఒకసారి చూసి, వినయంగా చేతులు జోడించాడు.

"ప్రభూ, అయితే పందెంలో గెలిచింది నేనా, తమరా?"

రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. పోలమాంబ నవ్వు ఇంకా పెద్దగా వినిపించింది.