ఒకటికి మూడు

సుంకులమ్మ వేళ్ళు కాలిన రోజు నుంచి శరభయ్య పంక్తిలో కూర్చుని తినడం లేదు. వంటింటి వెనక నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని తప్పుకుంటున్నాడు.

ఆ మఠంలో కానుగ నూనెతో సబ్బు చేసి కొండ కింది కుష్ఠు ఆసుపత్రికి పంపుతారు. ముప్పై ఏళ్ళుగా ఆ పని సుంకులమ్మదే. కేజీ నూనెకు ఓ చిన్న గ్లాసెడు కాస్టిక్ సోడా, అదీ ఆమె లెక్క. ఈ మధ్య ఆమెకు మతిమరుపు వచ్చింది. కొంగున కట్టుకున్న తాళం చెవి కోసం మఠమంతా వెతుకుతుంది.

శరభయ్య బీయస్సీ చదివి మఠంలో చేరినవాడు. మఠాధిపతి మరుళయ్య స్వామి అతన్ని సబ్బు పాకకు పంపితే, వెళ్ళిన రోజే గోడ మీద సుద్దతో సబ్బు తయారయ్యే రసాయన సమీకరణం రాశాడు. నూనె ఒకటి, సోడా మూడు. రెండు వైపులా సరిపోయింది.

"అవ్వా, కేజీ నూనెకు మూడు కేజీల సోడా పడాల. నువ్వేమో గ్లాసెడు వేస్తున్నావు."

"ఎప్పుడూ గ్లాసే కద నాయనా."

"నిన్న పొద్దున ఏం తిన్నావో చెప్పు చూద్దాం."

ఆమె చెప్పలేకపోయింది. సబ్బులు కోస్తున్న ఆడవాళ్ళు నవ్వారు.

"అయితే నేనే మరిచింటాలే," అని ఆమె డబ్బా మూత తీసింది.

రెండు కేజీల నూనెకు ఆరు కేజీల సోడా. నెలకు సరిపడే డబ్బా ఒక్క పూటలో ఖాళీ అయింది. గంగాళం సెగలు కక్కింది. సబ్బు కాలేదు, తడిసిన ఉప్పులా గడ్డలు కట్టింది. కుదిరిందో లేదో చూద్దామని ఆమె ఎప్పటిలాగే వేళ్ళతో ఇంత తీసి నలిపింది.

బోరింగు కింద చెయ్యి పెట్టించి ఎంతసేపు నీళ్ళు కొట్టినా, తోలు ఊడివచ్చింది.

చదువుకున్నవాడి లెక్క తప్పదు, ముసలామే ఏదో తప్పు కలిపిందని మఠమంతా అనుకుంది. ఆమె కూడా అదే అనుకుంది. శరభయ్య కాదనలేదు. ఒంటరిగా కూర్చుని సమీకరణం మళ్ళీ మళ్ళీ వేసుకున్నాడు. ప్రతిసారీ సరిపోయింది.

నాలుగో రోజు సుంకులమ్మ కట్టు కట్టిన చేత్తో స్వామి దగ్గరికి వచ్చింది. "ఇంక నా బుద్ధిని నమ్మేదానికి లేదు స్వామీ. సబ్బు పని ఇంకెవరికన్నా చెప్పండి."

ఆమె వెళ్ళాక శరభయ్య లోపలికి వచ్చాడు. తల ఎత్తలేదు.

"కొలత ఆమెది కాదు స్వామీ, నాది. కానీ ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. పుస్తకంలో ఒకటికి మూడే ఉంది."

"ఒకటంటే?"

"నూనె అణువు ఒకటి. సోడావి మూడు."

స్వామి తాను కూర్చున్న ముక్కాలి పీట మీద నుంచి లేచాడు. చింతమొద్దు కోసి చేసిన మందపాటి పలక, దానికి వెదురు కాళ్ళు. పీటను తిరగేసి, కాళ్ళు ఊడదీయమన్నాడు. సబ్బులు తూచే త్రాసు తెప్పించాడు.

"పలకలెన్ని?"

"ఒకటి."

"కాళ్ళు?"

"మూడు."

"తూచు."

పలక పెట్టిన పళ్లెం దబ్బున నేలకు తగిలింది. మూడు కాళ్ళూ పెట్టిన పళ్లెం గాల్లోనే ఉండిపోయింది.

"ఈ పలక ఎంత తూగితే దానికి మూడింతల బరువు కాళ్ళు తీసుకురా," అన్నాడు స్వామి. "పీట చేసుకుందాం."

శరభయ్య త్రాసు వంక చూస్తూ నిలబడ్డాడు. చెవులు వేడెక్కాయి. పుస్తకంలో ఉన్నది అణువుల లెక్క, తాను వేసింది బరువు లెక్క.

"అవ్వను పక్కకు పిలిచి చెప్తాను స్వామీ."

"ఆ రోజు ఆమెది తప్పని పక్కకు పిలిచే చెప్పావా?"

శరభయ్య సబ్బు పాకకు నడిచాడు. ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. సుంకులమ్మ ఓ మూల పని లేకుండా కూర్చుని ఉంది. అతను అందరి మధ్యా నిలబడ్డాడు.

"అవ్వా, నువ్వేమీ మరిచిపోలేదు. నీ కొలతే సరైనది. తప్పు లెక్క నాది. నాలుగు రోజులు నోరు మూసుకున్నదీ నేనే."

ఎవరూ నవ్వలేదు. సుంకులమ్మ అతని మొహంలోకి చూసింది.

"ఇంకోసారి చెప్పు నాయనా," అంది. "రేపటికి మరిచిపోతా."

అతను మళ్ళీ చెప్పాడు.