మహామంత్రి పక్కన వేసిన విస్తరి

మహామంత్రి రాచప్ప మఠానికి వస్తున్నాడని విన్న పూట నుంచి నంజుండయ్య కోపంతో రగిలిపోతున్నాడు.

రాచప్ప అంటే మాటలా? రాజుల్ని తరిమి కొత్త రాజ్యం నిలబెట్టినవాడు. కట్టుకున్నదాన్ని వదిలేసినవాడికి కొలువులో చోటు లేదని శాసనం చేసినవాడు. ఆ పెద్దమనిషే, పదవి దక్కగానే పెద్దింటి పిల్లను తెచ్చుకుని మొదటి పెళ్ళాం ఈరమ్మను గడప దాటించాడు. జనానికి మాత్రం ఆమె పోయిందని చెప్పించాడు.

ఈరమ్మ పోలేదు. ఆ మఠంలోనే వంట చేస్తోంది. చిన్నప్పుడే మఠంలో చేరిన నంజుండయ్యకు ఆమె తోడబుట్టిన అక్క. ఆ సంగతి గురువు మరుళస్వామికి తప్ప బయట ఎవరికీ తెలియదు. రేపు పీఠమెక్కవలసినవాడికి మొగుడు వదిలేసిన అక్క ఉందంటే నలుగురూ ఏమనుకుంటారో అని, నంజుండయ్య కూడా ఆమెను అందరిలాగే ‘వంటమ్మా’ అనే పిలిచేవాడు.

పంక్తిలో అందరి ముందూ రాచప్ప పరువు తీస్తానని గురువును సెలవడిగాడు.

“ముందు వచ్చి కూర్చో” అన్నాడు గురువు.

ఆ మఠానికి ఒక కట్టుబాటుంది. వేసిన ప్రతి విస్తరి ముందూ మనిషి కూర్చుంటేగాని ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఎంతటివాడైనా సరే.

రాచప్ప వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. వడ్డన అయ్యాక గురువు తానే లేచి, రాచప్ప పక్కన ఇంకో విస్తరి వేసి అన్నం పెట్టాడు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది.

ఎవరి కోసమని రాచప్ప అడిగాడు.

“మీ మొదటి ఇల్లాలి కోసం.”

రాచప్ప తొణకలేదు. “పోయినవాళ్ళకు విస్తరి వేస్తే తద్దినమంటారు స్వామీ” అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు.

నంజుండయ్య దిగ్గున లేచాడు. “నోటికి సిగ్గుండాలి. ఈరమ్మ బతికే ఉంది. ఈ వంటింట్లోనే ఉంది.”

నవ్వు ఆగిపోయింది. గురువు మాత్రం రాచప్ప వైపు చూడనే లేదు.

“ఆమె నీకేమవుతుంది నాయనా?” అని శిష్యుణ్ణి అడిగాడు.

నంజుండయ్య వంటింటి వైపు తిరిగాడు. అంత కోపమూ ఎక్కడికి పోయిందో. వంటింటి గుమ్మంలో ఈరమ్మ గరిట పట్టుకుని నిలబడి ఉంది. తమ్ముడి వైపే చూస్తోంది.

“అక్క” అన్నాడు చివరికి. “నా తోడబుట్టిన అక్క.”

“అయితే పిలువు. అన్నం చల్లారిపోతోంది.”

“రా అక్కా.”

ఈరమ్మ కదల్లేదు. “ఆ మనిషి పక్కన నేను కూర్చోను” అంది.

నంజుండయ్య వెళ్ళి రాచప్ప పక్కనున్న విస్తరిని రెండు చేతులా ఎత్తి తెచ్చి, తన విస్తరి పక్కన పెట్టాడు. ఈరమ్మ గరిట గోడవారగా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

గురువు మొదటి ముద్ద ఎత్తాడు. ముద్ద ఎత్తాక పంక్తి మధ్యలో లేవకూడదు గనుక, ఆమె వండినదంతా రాచప్ప తల దించుకుని తిన్నాడు.