ముప్పై అడుగుల పెరట్లో యాంటెన్నా

నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, తర్వాత నోరెళ్లబెడితే నా పూచీ లేదు. ఒకే తీగ మీద అయిదు రేడియో తరంగాల బ్యాండ్లు పలికించి సప్తసముద్రాల అవతలివాళ్లని పలకరించిన హామ్ రేడియో ఘనుణ్ణి నేను. మా పెరడు ముప్పై అడుగులే. నూట ముప్పై అడుగుల యాంటెన్నా తీగని గోడల వెంబడే మలుపులు తిప్పి కట్టాను.

పక్కింటి మునసబు వీర్రాఘవనాయుడు కటింగ్ ప్లయర్ పట్టుకొచ్చాడు. ఆ తీగ తెగితే నా గొంతు తెగినట్టే.

"ముప్పై అడుగుల్లో నూట ముప్పై ఎలా పడుతుందోయ్? మిగతా వందా నా స్థలంలోనే ఉండుంటుంది. కోసేస్తా."

"చిత్తం నాయుడుగారూ. తమరి తల జానెడు, తలపాగా పదహారు మూరలు. మిగతాదంతా ఎవరి నెత్తిన ఉందంటారు?"

నాయుడు తల తడుముకున్నాడు. ప్లయర్ జేబులో వేసుకుని వెనక్కి తిరిగాడు.

అనుమానముంటే, రోజూ ఆయనకి తలపాగా చుట్టే గంగులప్పనే అడగండి. ఆయన వెనకే వచ్చి, నా మాటకి నవ్వాపుకోలేక గోడ చాటుకి పరిగెత్తింది అతనే.