కోడి మోకాలంత గులాబీ

ఇదిగో, అందరూ వింటున్నారు కదా. అన్నం తింటున్నవాళ్ళు ముద్ద మింగేసి వినండి. మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నన్ననకండి.

గోదారి లంకల్లో తాతబ్బాయి గారని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య మంగాయమ్మ, పెద్దకొడుకు గవర్రాజు, చిన్నకొడుకు చిట్టబ్బాయి. నలుగురికీ వాళ్ళ తెలివి మీద భలే గురి. "చూడవే, ఊళ్ళోవాళ్ళు మనింటికొచ్చి చింతపండు అడుగుతారు, నిచ్చెన అడుగుతారు, గడ్డపార అడుగుతారు. తెలివి మాత్రం ఒక్కడూ అడగడు. అంత విలువైంది అడిగితే బాగోదని మొహమాటం" అనేవాడు తాతబ్బాయి గారు. "అడక్కపోవడమే మంచిదండి. ఇచ్చేకొద్దీ మనకి తరిగిపోదూ" అనేది మంగాయమ్మ.

ఇలా ఉండగా గవర్రాజు పక్క ఊరి నర్సరీకి కొబ్బరిమొక్క కోసం వెళ్ళాడు. అక్కడ నర్సరీ వీరభద్రం గారి అమ్మాయి నూకరత్నం గులాబీకి అంటు కడుతూ తలెత్తి నవ్వింది. అంతే. మన వాడు కొబ్బరిమొక్క ఎంచుకుని, తీసుకుని, దాన్ని జాగ్రత్తగా అక్కడే పెట్టేసి ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చాడు. "చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకుంటా, లేకపోతే అన్నం ముట్టను" అన్నాడు. ఇంకేముంది, మర్నాడే నలుగురూ బయల్దేరారు.

వీరభద్రం గారు మంచాయనే గానీ మొక్కల పిచ్చాయన. "చూడండి, మా అమ్మాయి మొక్కల్లో పుట్టి మొక్కల్లో పెరిగింది. పువ్వు లేని వాకిట్లో దానికి ముద్ద దిగదు. మొక్కలు నేనిస్తాను, మీరు పూలమడి పెంచండి. మార్గశిరంలో వస్తా. గులాబీలు పూసి ఉంటే అక్కడికక్కడే తాంబూలాలు. లేదా, ఎవరి దారి వాళ్ళది" అన్నాడు.

అని పొద గులాబీలు నాలుగు, చామంతి, కనకాంబరం, బిళ్ళగన్నేరు మొక్కలు ఇచ్చి, ఎలా పెంచాలో చెప్పాడు. "గులాబీ ఒక్కదాన్నే పెడితే పైన పువ్వు బాగానే ఉంటుంది గానీ కాళ్ళు బోసిగా కనపడతాయి. కింద ఈ మొండి మొక్కల్ని తోడు పెట్టండి. ఏళ్ళ తరబడి ఉంటాయి, ఎండకీ వానకీ జంకవు. అన్నీ ఒకచోట కుక్కకండి, మధ్యలో గాలి ఆడాలి. వేరు పట్టేదాకా చోటు మార్చకండి. నీళ్ళు మీ చేత్తో మీరే పొయ్యండి, ఒక్క రోజు మానొద్దు. దసరా వెళ్ళాక గులాబీల్ని మోకాలి ఎత్తుకి కత్తిరించండి. కన్నబిడ్డల్లా చూసుకోవాలి సుమండీ."

నూకరత్నం కుండీల చాటు నుంచి గవర్రాజుతో మెల్లిగా అంది: "నాన్న చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, చాలు."

"ఒక్క మాట కింద పడనివ్వనండి" అన్నాడు గవర్రాజు. పడనివ్వలేదు కూడా. అదే వచ్చింది తంటా.

మొక్కలు పాతడం బాగానే పాతారు. అప్పుడు మంగాయమ్మకి గుర్తొచ్చింది. "ఏవండీ, గులాబీకి కాళ్ళు బోసిగా ఉంటాయన్నారు కదా, పెళ్ళివారొచ్చే వాకిట్లో బోసికాళ్ళేంటండీ." అంతే. గులాబీ మొదళ్ళకి పసుపు రాసింది, పారాణి పెట్టింది, తన కాళ్ళ పట్టీలు విప్పి ఒక పొదకి కట్టింది. మిగిలిన మూడింటికీ చాలక దూడ మెడలో మువ్వలు ఊడదీసి కట్టింది. గాలొచ్చినప్పుడల్లా మడి ఘల్లుఘల్లుమంటోంది. ఆ చప్పుడు విని ఎదురింటి మేక, ఇక్కడెవరో మన వాళ్ళున్నారనుకుని చుట్టపుచూపుగా వచ్చింది. వచ్చి చామంతుల కొసలన్నీ కొరికేసింది. చామంతి కొసలు గిల్లితే గుబురుగా వస్తుందని మొక్కలు పెంచేవాళ్ళకి తెలుసు. మేకకి తెలుసో లేదో నేను చెప్పలేను. వీళ్ళకైతే తెలీదు.

తర్వాత గాలి. మధ్యలో గాలి ఆడాలన్నారు కదా. చిట్టబ్బాయికి నిమ్మకాయ నిలబెట్టేంత మీసం. ఆ మీసంతో మడి మధ్యలో గొంతుక్కూర్చుని విసనకర్రతో ఒక్కో మొక్కకీ విసరడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికి చెయ్యి పడిపోయింది. "నాన్నా, కనకాంబరానికి విసురుతుంటే బిళ్ళగన్నేరు అలుగుతోంది" అన్నాడు. దాంతో ఇంట్లో టేబుల్ ఫ్యాను తెచ్చి మడి మధ్యలో పెట్టారు. మీట నొక్కారు. ఇంకేముంది, వాకిట్లో ముగ్గుపిండి డబ్బా మూత ఎగిరి, పిండంతా వెళ్ళి తాతబ్బాయి గారి తల మీదా మీసం మీదా పడింది. ఆయన అద్దంలో చూసుకుని, "ఏమేవ్, ఒక్క పూటలో ముసలాణ్ణయిపోయానే" అని మంచం ఎక్కేశాడు. ఇద్దరు కొడుకుల్నీ పిలిచి, "ఒరేయ్, నేను పోయాక పెద్దోడు నిచ్చెన తీసుకో, చిన్నోడు గడ్డపార తీసుకో, నా తెలివి చెరి సగం పంచుకోండి" అని అప్పగింతలు పెట్టాడు. మంగాయమ్మ ఏడుస్తూ మొహం తుడిచింది. తుడిస్తే నల్లమీసం బయటపడింది. "ముసలితనం తడిగుడ్డకే పోయిందండీ, ఊరికే భయపడ్డాం" అంది.

ఇక వేరు పట్టిందో లేదో తెలిసేదెలా? "పీకి చూస్తే తెలీదూ" అన్నాడు గవర్రాజు. "మరి చోటు మార్చొద్దన్నారుగా" అన్నాడు చిట్టబ్బాయి. "మార్చడం లేదురా, పీకి, చూసి, మళ్ళీ అదే గోతిలో పెడతాం." అంతే. పొద్దున్నే లేవడం, బిళ్ళగన్నేరుని పీకడం, వేళ్ళు చూడడం, మళ్ళీ పాతడం. పాపం అది రాతి మీద వేసినా బతికే రకం కాబట్టి బతికింది. గులాబీని పీకుదామని చూశారు గానీ ముళ్ళు గుచ్చుకుని, "ఇది వద్దంటోంది" అని వదిలేశారు.

ఈలోపు వానలు పట్టుకున్నాయి. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం, హమ్మయ్య ఇవాళ నీళ్ళు పొయ్యక్కర్లేదు అనుకుంటాం. వీళ్ళు తెలివైనవాళ్ళు కదా. "వాన పోస్తే లెక్కలోకి రాదు, మన చేత్తో పొయ్యమన్నారు" అన్నాడు తాతబ్బాయి గారు. మడి మీద పరదా కట్టారు. ఇంట్లో బిందెలు, గుండిగలు, గిన్నెలు, ఆఖరికి కవ్వం కుండ కూడా వాకిట్లో పరిచి వాన పట్టారు. పట్టింది చెంబుల్తో ముంచి, గొడుగులేసుకుని, పరదా కింద దూరి మొక్కలకి పోశారు. వండుకోడానికి గిన్నె లేక వాన తగ్గేదాకా అటుకులు తిన్నారు. అందరికీ జలుబు చేసింది, మొక్కలకి తప్ప.

దసరా వెళ్ళింది. అసలు ముప్పు అప్పుడొచ్చింది. గులాబీలు అప్పటికి నడుమెత్తు పెరిగి కళకళలాడుతున్నాయి. గవర్రాజు కత్తెర పట్టుకుని, "మోకాలి ఎత్తుకి అన్నారు నాన్నా, ఎవరి మోకాలికి?" అన్నాడు.

"ఇంటి పెద్దని నేనుండగా ఆ అనుమానమేంట్రా" అని తాతబ్బాయి గారు పంచె ఎగ్గట్టి పక్కన నించున్నాడు. ఆయన మోకాలికి కత్తిరించారు.

"ఏం, పొద్దున్నే లేచి వాటి మొహం చూసేది నేను. నా మోకాలు మోకాలు కాదా?" అంది మంగాయమ్మ. ఆవిడ పొట్టిమనిషి. ఆవిడ మోకాలికి కత్తిరించారు.

"విసిరింది నేను" అన్నాడు చిట్టబ్బాయి. వాడు గొంతుక్కూర్చునే కదా విసిరింది, అలాగే కూర్చుని కొలవమన్నాడు. కూర్చుంటే మోకాలు గడ్డం దగ్గరికొచ్చింది. "నీది తెగడం లేదురా, పెరుగుతోంది" అని వాణ్ణి పక్కకి నెట్టేశారు.

"మరి మువ్వలిచ్చిన దూడ ఊరుకుంటుందా?" అంది మంగాయమ్మ. దూడని తెచ్చి, దాని మోకాలికి కత్తిరించారు. ఆ పక్కనే కోడి గింజలేరుకుంటూ, "నేనొక్కదాన్నే పరాయిదాన్నా" అన్నట్టు చూసింది. కోడికి మోకాలెక్కడుంటుందని కాసేపు వాదించుకుని, ఉన్నచోటు కనిపెట్టి, ఆ ఎత్తుకి కత్తిరించారు.

లేచి చూసుకుంటే ఇంకేముంది, గులాబీల్లేవు. నేల మీద నాలుగు మోడులు, వాటి మొదట్లో పట్టీలు, మువ్వలు.

గవర్రాజు అక్కడే కూలబడ్డాడు. "అమ్మా, నూకరత్నం రాదే ఇంక" అన్నాడు. అంటే మరి మంగాయమ్మ చూస్తూ ఊరుకుంటుందా? "కన్నబిడ్డల్లా చూసుకోమన్నారు కదరా. మీకు దెబ్బ తగిలితే నేనేం చేసేదాన్ని?" అని ఇంత పసుపు ముద్ద నూరి, కోసిన చోటల్లా అద్ది, పాత చీర చింపి నాలుగింటికీ కట్లు కట్టింది. పథ్యం అని పొయ్యిలో బూడిద, పేడ కలిపి మొదట్లో పెట్టింది. రోజూ కట్టు మార్చింది. గవర్రాజు చెంబుతో నీళ్ళు పోసి, ఒక్కో మోడు దగ్గరా కూర్చుని, "ఎలా ఉంది, నొప్పి తగ్గిందా" అని అడిగేవాడు.

పసుపు పట్టిందో, పేడ పట్టిందో, ఆ కుర్రాడి దిగులు పట్టిందో. ఒకరోజు కట్టు మారుస్తుంటే ఎర్రటి చిగురు కనపడింది. "అమ్మా, కట్టు లోపల్నుంచి ఎవరో వేలు చూపిస్తున్నారే" అని గవర్రాజు పరిగెత్తుకొచ్చాడు. మార్గశిరం వచ్చేసరికి చూడాలి ఆ మడి. పైన గిన్నెలంతేసి గులాబీలు, వాటి కాళ్ళ చుట్టూ పచ్చచామంతి గుబురుగా, అంచున కనకాంబరం, మధ్యమధ్య బిళ్ళగన్నేరు.

వీరభద్రం గారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇంత బాగా జత కుదరడం నా నర్సరీలో కూడా చూళ్ళేదండి. ఎలా పెంచారు?"

"మీరు చెప్పినట్టేనండి" అన్నారు నలుగురూ.

ఆయనకి కళ్ళు చెమర్చాయి. తాంబూలాలు మార్చుకుంటూ తాతబ్బాయి గారి చేతులు పట్టుకుని, "బావగారూ, ఈ మొక్కల్ని ఎలా చూసుకున్నారో మా అమ్మాయినీ అచ్చం అలాగే చూసుకోండి. ఇంకేం అడగను" అన్నాడు.

"అందులో వెంట్రుకవాసి తేడా రాదు బావగారూ" అన్నాడు తాతబ్బాయి గారు.

పెళ్ళయింది. కొత్తకోడలు అత్తారింటి వాకిట్లో దిగింది. దిగి చూస్తే పూలమడి పక్కన మోకాలిలోతు గొయ్యి. అందులో పేడ, బూడిద. ఒకవైపు మంగాయమ్మ నీళ్ళబిందెతో, ఒకవైపు చిట్టబ్బాయి విసనకర్రతో, మధ్యలో మామగారు కత్తెరతో. "దా అమ్మా, దిగు. కత్తెర చూసి కంగారు పడకు, అది దసరా వెళ్ళాకే" అన్నాడాయన.

నూకరత్నం గొయ్యి చూసింది, మొగుణ్ణి చూసింది. నవ్వాపుకుని, "అత్తయ్యా, మా నాన్న ఏం చెప్పాడు? గులాబీ ఒక్కతే ఉంటే బాగోదు, పక్కన మొండి మొక్క తోడుండాలని కదా. ముందు ఆ తోడుని పాతండి" అంది.

"చూశారా, కోడలు మనింటి తెలివికి ఏమాత్రం తీసిపోదు" అంది మంగాయమ్మ మురిసిపోతూ. అంతే. గవర్రాజు పెళ్ళిపంచె పైకి కట్టి, బాసికం కూడా విప్పకుండా, ఆనందంగా గోతిలో దిగాడు. మట్టి కప్పి, ఒక బిందె నీళ్ళు పోశారు. నూకరత్నం కుడికాలు ముందు పెట్టి లోపలికెళ్ళి, కాఫీ కలుపుకొచ్చి అరుగు మీద కూర్చుంది.

సాయంత్రం తాతబ్బాయి గారు ఒక రెక్క, చిట్టబ్బాయి ఒక రెక్క పట్టుకుని గవర్రాజుని పైకి పీకారు. అరికాళ్ళు తిప్పి చూశారు.

"ఇంకా వేరు పట్టలేదురా" అని మళ్ళీ పాతేశారు.

"పట్టదు మరి" అంది మంగాయమ్మ, "కాళ్ళు బోసిగా ఉన్నాయి కదండీ" అని పట్టీలు తేవడానికి లోపలికి పరిగెత్తింది.