వేళ్ళ సందు

చిదంబరం గురువుగారిని ప్రశ్న అడిగినవాడు జవాబు పట్టుకుని అదే రోజు ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. అడిగిన మాట పూర్తిగా విని, గడ్డం నిమురుకుని, దానికి బొత్తిగా సంబంధం లేని మరో మాట అనేవారు. గౌతమి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వచ్చేపోయేవాళ్ళకి ఇది అలవాటే.

సూరపరాజు మాత్రం ఆ రోజు జవాబు చెబితేగాని కదిలేలా లేడు. నలభై నిండని వయసు, ఇంకా బడికి వెళ్ళని కూతురు. షుగరు గుమ్మం దాకా వచ్చిందనీ, లోపలికి రానివ్వకుండా ఉండడం ఇంకా తన చేతిలోనే ఉందనీ డాక్టరు చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి అతనికి తండ్రి రామభద్రరాజే కళ్ళలో మెదులుతున్నాడు. ఆ జబ్బు ఆయనకి ముందు కాలు తీసింది, ఆనక ప్రాణమే తీసింది. అందుకని సూరపరాజు సిగరెట్టు మానేశాడు, తెల్లవారుతూనే ఏటిగట్టు మీద నడక మొదలుపెట్టాడు. అన్నీ చేయగలిగాడు గాని, తల్లి మంగాయమ్మ వడ్డన దగ్గర మాత్రం ఓడిపోతున్నాడు.

“నడవమంటే ఎంతైనా నడుస్తానండి. మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడితే మాత్రం వద్దని గట్టిగా అనలేకపోతున్నాను. ప్రేమగా పెట్టేదాన్ని కాదంటే పాపం కాదాండీ?” అన్నాడు.

గురువుగారు గడ్డం నిమురుకున్నారు. “మీ అమ్మగారి చేతి బూరెలు బాగుంటాయటగా. ఎల్లుండి భోజనానికి రానా?”

మంగాయమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అసలే పెట్టే చెయ్యి. ఆవిడ వడ్డనకి కూర్చున్నవాడు తనంతట తాను లేవలేడని, ఎవరో ఒకరు లేవదీయాలని ఊళ్ళో వేళాకోళం. కడుపు నిండిందని ఎదుటివాళ్ళు చెబితే ఆవిడ నమ్మదు. ఆవిడకి నిండాలి.

గురువుగారూ సూరపరాజూ పక్కపక్కన విస్తళ్ళ ముందు కూర్చున్నారు. గురువుగారు రెండు బూరెలు ఇష్టంగా తిన్నారు. మూడోదానికి విస్తరి మీద అరచెయ్యి పరిచి, “చాలమ్మా” అన్నారు. ఆ చెయ్యి చూసి మంగాయమ్మ మారు మాట్లాడకుండా కొడుకు వైపు తిరిగింది.

సూరపరాజు కూడా చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టాడంటే పెట్టాడు. ఐదు వేళ్ళూ ఐదు దిక్కులు చూస్తున్నాయి. చెయ్యి వద్దంటోంది, వేళ్ళు కానిమ్మంటున్నాయి. మన భోజనాల్లో ఈ భాష తెలియనివాళ్ళెవరు?

“సగానికి సగం చిక్కిపోయావు నాన్నా. ఇంకొంచెం. ఇంకొక్కటి తింటే కొంప మునుగుతుందా?” అంటూ మంగాయమ్మ వేళ్ళ పక్కనుంచి బూరెను జారవిడిచింది. జారవిడిచి, అప్పుడే కాచి తెచ్చిన నెయ్యి దాని మీద పోయడానికి గరిటె వంచింది.

అంతలో పక్క విస్తరి నుంచి గురువుగారి ఎడమ చెయ్యి వచ్చి గరిటె కింద వాలింది. నెయ్యి ఆ చేతి మీద పడింది. ఆయన “అబ్బా!” అన్నారు గాని చెయ్యి తీయలేదు.

“అయ్యయ్యో, ఎంత పని చేశాను!” అని మంగాయమ్మ కూలబడిపోయింది. సూరపరాజు చెంబుతో చన్నీళ్ళు తెచ్చి ఆ చేతి మీద పోస్తూ ఉన్నాడు. చర్మం ఎర్రగా కమిలింది. ఆవిడ చూపు ఆ ఎరుపు మీదే నిలిచిపోయింది. కాసేపటికి ఎవరితోనో చెబుతున్నట్టు అంది:

“ఆయన కూడా ఇలాగే చెయ్యి అడ్డం పెట్టేవారండి. నేను వేళ్ళ సందులోంచి పోసేదాన్ని. పోస్తే నవ్వేవారు. ఆ నవ్వు కోసమే పోసేదాన్ని.” పమిట నోటికి అడ్డం పెట్టుకుని, “నా చేత్తో నేనే పంపేశానాండీ ఆయన్ని?” అంది.

భర్త పోయిన నాటి నుంచి ఆవిడ ఈ ప్రశ్నను ఎవరి ముందూ పెట్టలేదు. కొడుకు ఎదుట అసలే పెట్టలేదు. సూరపరాజు చెంబు కింద పెట్టేశాడు. తన ప్రశ్న కంటే తల్లి ప్రశ్న ఎంత పెద్దదో అతనికి అప్పుడు తెలిసింది.

గురువుగారు ఈసారి గడ్డం నిమరలేదు. “లేదు తల్లీ. పెట్టడం ఒక్కటే నీకు తెలుసు, పెట్టావు. ఆ సందు ఉంచింది ఆయన” అన్నారు.

మంగాయమ్మ చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఆఖరికి కళ్ళు తుడుచుకుని లేచింది. ఎంత దుఃఖమైనా విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని మధ్యలో వదిలేసే మనిషి కాదు. లోపలికి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చి, అలవాటు కొద్దీ కొడుకు మీదికి వంగింది.

“పెరుగులోకి రెండు మెతుకులు...”

సూరపరాజు బూరెను విస్తరి చివరికి జరిపి చెయ్యి అడ్డం పెట్టాడు. తల్లి ముఖంలోకి చూడలేక గురువుగారి వైపు చూశాడు. గరిటె గాలిలో ఆగింది. గురువుగారు కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుంటూ, అతని వేళ్ళ వైపు చూశారు.

“ఇంకొంచెం,” అన్నారు. “ఇంకొంచెం దగ్గరికి, నాయనా.”