రెండు సెంటీమీటర్ల గడ్డ

రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో సోమశేఖరం అనే సర్జన్ ఉండేవాడు; చెయ్యి మహా నేర్పుగలదే గానీ, పక్కవాళ్ల మాట చచ్చినా చెవికెక్కేది కాదు. స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి గడ్డ సైజు చూసేవాడు. కవర్లో ఉన్న రిపోర్టు మాత్రం బయటికి కూడా తీసేవాడు కాదు. "నాకు కళ్లు లేవా?" అనేవాడు.

ఒకనాడు యాకోబు అనే తాపీమేస్త్రీ కాలేయంలో గడ్డతో వచ్చాడు. క్యాన్సరే. ఎమ్మారై తీయించారు. సోమశేఖరం ఫిల్ము ఎత్తి చూసి, "రెండు సెంటీమీటర్లేనయ్యా! తీసి పారేస్తే సరి," అన్నాడు. యాకోబు భార్య మార్తమ్మ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆ మధ్యాహ్నం, స్కాన్లు చదివే డాక్టర్ ఫర్హానా అతని గదికి వచ్చింది.

"సార్, గడ్డ చిన్నదే గానీ దాని గుణం మంచిది కాదు. అంచు నున్నగా లేదు. నరంలోకి మందు ఎక్కించాక చుట్టుపక్కల కాలేయం కూడా మెరిసింది. సన్నటి రక్తనాళాల్లోకి పాకిందేమోనని నా అనుమానం. దయచేసి కాస్త వెడల్పుగా కోయండి. రిపోర్టులో రాశాను."

"ఫోటోలు చూసి జాతకం కూడా చెబుతారా?" అని నవ్వాడు సోమశేఖరం. ఆపరేషన్‌లో గడ్డను అంచు వెంబడే కోసి తీశాడు.

నాలుగు నెలలకు మళ్లీ స్కాన్ తీశారు. సోమశేఖరం ఫిల్ము ఎత్తాడు. ఒకటి కాదు, ఏడు గడ్డలు! పాత కవరు తెప్పించి, ఆ రిపోర్టును మొదటిసారి చదివాడు. అనుమానం ఉందని ఫర్హానా రాసిన చోటి నుంచే అవి వరసగా మొలిచాయి. ఇక కోయడానికి వీల్లేదు, మందులతో నెట్టుకురావలసిందే.

అతను దాచలేదు. "యాకోబూ, ఆ డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనే వినలేదు," అన్నాడు.

యాకోబు ఇలా అన్నాడు:

"గోడ మీద రూపాయంత తేమ మచ్చ కనపడినా, చుట్టూ జానెడు మేర చెక్కేస్తామండి. తెలిసినోడు చెబితే ఇంకో జానెడు చెక్కుతాం. గోడకే అంత చూసుకుంటామండి మేము. నేను మనిషిని కదండీ!"

నీతి: తెలిసినవాళ్లు ముందే చేసిన హెచ్చరికను గర్వంతో తోసేస్తే, ఆ శిక్ష మనకు కాదు, మనల్ని నమ్మినవాళ్లకు పడుతుంది.